గేరుపెట్టె నూనె యాడికి పోతాంది

మా లారీ గేరుపెట్టెలోంచి నూనె కారిపోతోందని సాయిబు మామ చెబితే నాయన నమ్మకపోవడానికి కారణం మా దొడ్డి నేల. రాత్రంతా లారీ నిలబడ్డ చోట పొద్దున్నే చూస్తే ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. నేను అక్కడే కల్లాపి చల్లేదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. ఎండిన మట్టి, రెండు గడ్డిపోచలు, చక్రాల అచ్చులు, అంతే. పెట్టెలో నూనె మాత్రం వారం వారం తగ్గిపోయేది.

యుద్ధం రోజులు. నాయన నంద్యాలలో అంగడి పెట్టుకుని, ఉప్పూ బెల్లమూ బియ్యమూ ఆళ్లగడ్డకు తోలి, అక్కడినుంచి శెనక్కాయలు తెచ్చేవాడు. లారీ మా చేతికి వచ్చేటప్పటికే ఇంకెవరి చేతిలోనో అరిగిపోయి ఉంది. దానికి కొత్త సామాను కావాలంటే మద్రాసులో కూడా లేదనేవాళ్లు. పెట్రోలుకు చీటీ కావాలి, గేరు నూనెకు చీటీ కావాలి, చీటీ ఉన్నా డబ్బా దొరకాలి. అలాంటప్పుడు నూనె తగ్గిపోవడం అంటే ఇంట్లో నెయ్యి తగ్గిపోయినట్టే. పిల్లి తాగిందా, మనిషి తీశాడా అన్న ఆలోచన వస్తుంది.

సాయిబు మామ మా లారీ డ్రైవరు. నేను పావడాలు కట్టుకునే రోజులనుంచీ ఉన్నాడు. నన్ను బడి మాన్పించాక, నేను బెల్లం దిమ్మెల గదిలో కూర్చుని ఏ కాగితం దొరికితే ఆ కాగితం చదువుకుంటూ ఉండేదాన్ని. అది కనిపెట్టింది ఆయన ఒక్కడే. ఆయనకు తెలుగు చదవడం రాదు. అయినా ఆళ్లగడ్డ అంగళ్లలో పొట్లాలు కట్టే పాత పుస్తకాల కాగితాలు కనిపిస్తే అడిగి తెచ్చి, కిటికీలోంచి లోపలికి తోసి, "ఇది మంచిదో కాదో నాకు తెల్దు పాపా, అచ్చు మాత్రం బాగుండాది" అని వెళ్లిపోయేవాడు. కొన్ని కథల మొదళ్లు, కొన్ని కథల చివరలు నేను అలాగే చదివాను. మగవాళ్లలో నాయనతో కాక నేను తల ఎత్తి మాట్లాడింది ఆయనతోనే. ఆ మాటలు కూడా తక్కువే. మాట్లాడాల్సినవన్నీ రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కులో రాసుకోవడం నాకు అలవాటు.

ఆ ఏడు దసరా వెళ్లిన కొన్నాళ్లకు మొదలైంది ఈ నూనె సంగతి. గేరుపెట్టెకు పక్కన ఒక బిరడా ఉంటుంది. దాన్ని విప్పి వేలు పెడితే నూనె తగలాలి. ఒకరోజు సాయిబు మామ వేలు పెట్టి, ఇంకా లోపలికి పెట్టి, బయటికి తీసి చూసుకున్నాడు. వేలు పొడిగా ఉంది.

"కారతాండాది శెట్టప్పా," అన్నాడు నాయనతో.

"యాడ?"

"ఎనక పక్క, ఇరుసు బయటికొచ్చే తావున అనుకుంటా. ఆడ ఉండే వాషరు అరిగింటాది."

నాయన వంగి కింద చూశాడు. లారీ అడుగంతా ఏళ్లనాటి జిడ్డు, దానిమీద దారి దుమ్ము, దానిమీద మళ్లీ జిడ్డు. ఎక్కడ చూసినా నల్లగానే ఉంది. "ఇదంతా పాత మురికి కదా సాయిబూ," అన్నాడు. "నేల మీద చుక్క లేదే."

"నిలబడుకున్నెప్పుడు కారదప్పా. పోతాంటే కారతాది."

నాయన మళ్లీ ఆ పొడి నేల వైపే చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

సాయిబు మామ తనకు తెలిసినదంతా చేశాడు. మొదట కంబళి ముక్క గుండ్రంగా కోసి, కొవ్వులో నానబెట్టి, అరిగిన వాషరు తీసి దాని స్థానంలో దాన్ని బిగించాడు. కొత్తది దొరికే దాకా సీమలో డ్రైవర్లంతా అలాగే నడిపించేవాళ్లు. నూనె ఆగలేదు. తర్వాత పెట్టె మూత విప్పి, మూత కింద వేసే ప్యాకింగు మార్చాలన్నాడు. దానికి గట్టి కాగితం కావాలి. నేను నిండిపోయిన నోటుబుక్కు అట్ట చింపి ఇచ్చాను. ఆయన దాన్ని మూత అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి, బోల్టుల రంధ్రాలు కూడా అచ్చు పడేట్టు కోశాడు. "నీ అట్ట ఇంగ నంద్యాలకూ ఆళ్లగడ్డకూ తిరుగుతాంటాది పాపా, నువ్వు ఇంట్లో ఉన్నా," అని నవ్వాడు. నూనె మళ్లీ తగ్గింది.

అదే నెలలో నేను ఆళ్లగడ్డలో మా అక్క అత్తగారింటికి వెళ్లి, లారీలోనే తిరిగి రావలసి వచ్చింది. శెనక్కాయల మండీ ముందు లారీ ఆపి మూటలు ఎత్తుతున్నారు. నేను ముందు సీటులో కొంగు కప్పుకుని కూర్చున్నాను. మండీ యజమాని నాయనకు పాత స్నేహితుడు, ఎగతాళి మనిషి. అరుగు మీద కూర్చుని పదిమంది వినేట్టు అడిగాడు.

"ఏమప్పా, మళ్లా నూనె కోసరం తిరుగుతాండావంట? నీ లారీ తాగుతాందా, నీ డ్రైవరు అమ్ముకుంటాండాడా?"

నాయన కూడా నవ్వాడు. "ఏమో, రెండిట్లో ఏదో ఒకటి," అన్నాడు.

అరుగు మీదివాళ్లంతా నవ్వారు. సాయిబు మామ లారీ వెనక తాడు బిగిస్తున్నాడు. తాడు కిర్రుమనే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కొంచెం సేపటికి మళ్లీ మొదలైంది. దారిలో ఆయన ఎప్పుడూ సన్నగా ఏదో కూనిరాగం తీసేవాడు, ఆరోజు తీయలేదు. నంద్యాల చేరాక నాయన దిగబోతుంటే, "ఉగాదికి ఇంకొకర్ని చూసుకోప్పా," అన్నాడు.

"ఎందుకు?"

"వయసైతాంది."

వయసు కాదని నాయనకు తెలుసు. నాకూ తెలుసు. నాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. మా ఇంట్లో మగవాళ్లు మాట వెనక్కి తీసుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు. అదీగాక నూనె ఎక్కడికి పోతోందో నాయనకు నిజంగానే తెలియదు. తెలియకుండా ఎలా వెనక్కి తీసుకుంటాడు?

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి ఏమీ రాయలేకపోయాను. ఆయన మా ఇంటినుంచి వెళ్లిపోతే దొంగ అన్న పేరుతో వెళ్లినట్టే. ఊళ్లో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? పెట్టుకున్నా ఆ మాట వెంటే పోతుంది.

మర్నాడు ముగ్గు వేస్తుంటే నా చేతిలోంచి ఒక నీళ్ల చుక్క ముగ్గుపిండి మీద పడింది. తెల్లటి పిండిలో ఆ చుక్క ఉన్నంత మేరా నల్లగా కనిపించింది, అంచులతో సహా. అలా చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. సాయిబు మామ అప్పుడే వచ్చి లారీ రేకు తుడుస్తున్నాడు. దొడ్లో ఇంకెవరూ లేరు.

"మామా," అన్నాను. "అడుగంతా బాగా కడిగి, ఈ పిండి చల్లితే?"

"ఏంటికి?"

"నూనె యాడ తగిలితే ఆడ నల్లగైతాది గదా."

ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని నన్ను చూశాడు. "లారీ కడుపుకింద ముగ్గేస్తావా," అన్నాడు. నవ్వలేదు. "శెట్టి కండ్లతో చూడల్ల అంటావు."

"ఊఁ."

కిరసనాయిలు దీపాలకే చాలడం లేదు, కడగడానికి ఎక్కడిది? నేను కుంకుడుకాయలు నానబెట్టి పిసికి బక్కెట్టు నిండా నురుగు చేసి ఇచ్చాను. ఆయన గోనెపట్టా పరుచుకుని లారీ కింద వెల్లకిలా పడుకుని, బూడిదతోనూ కొబ్బరి పీచుతోనూ సాయంత్రం దాకా రుద్దాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, పెరటి మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"నా తల కూడా ఎవురూ ఇంత బాగా రుద్దలేదు అబ్బీ," అంది.

"నీ తల కారితే రుద్దుతాలే అవ్వా," అన్నాడు కిందినుంచి. చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన వేళాకోళం అది.

అడుగున మొదటిసారి ఇనుము రంగు కనిపించింది. అది ఆరాక ఆయన చేతిలో పిండి తీసుకుని ఉఫ్ అని ఊదుతూ పెట్టె అంతటా అంటించాడు. మర్నాడే మేము ఆళ్లగడ్డ పోవలసి ఉంది. అక్కకు నెలలు నిండుతున్నాయి, అవ్వ చూసి వస్తానంది, తోడుగా నన్ను రమ్మంది. నాయన ఎలాగూ మండీకి వస్తున్నాడు. "పిండి చల్లించింది పాప. సిరివెళ్ల కాడ ఆపి చూద్దాం, నువ్వూ చూద్దువు గానీ," అని నాయనతో చెప్పింది కూడా అవ్వే. నేను చెప్పలేనని ఆమెకు తెలుసు.

ఆరోజు ముందు సీటులో సాయిబు మామ పక్కన అవ్వ, అవ్వ పక్కన నేను, తలుపు దగ్గర నాయన. దారి పొడవునా ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, అవ్వ తప్ప. కుందూ ఒడ్డు పొలాల్లో జొన్న కోతకు వచ్చింది. అవ్వ ఏ చేను ఎవరిదో, వాళ్ల తాత ఎవరి అప్పు ఎగ్గొట్టాడో చెబుతూనే ఉంది. నేను మాత్రం కాళ్ల కింది పలకలనే చూస్తూ కూర్చున్నాను. వాటి కిందే గేరుపెట్టె. పలకలు వేడెక్కి చెప్పులు లేని నా అరికాళ్లకు తగులుతున్నాయి.

సిరివెళ్ల దాటకముందే ఒక వేపచెట్టు నీడలో లారీ ఆగింది. సాయిబు మామ కిందికి దూరాడు. నాయన పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చివరికి తను కూడా దూరాడు. నేను రోడ్డు పక్క నిలబడితే వాళ్ల నాలుగు కాళ్లు మాత్రం కనిపించాయి.

"చూస్తాండావా అప్పా?"

నాయన గొంతు వచ్చింది. "చూస్తాండా."

నేనూ వంగి చూశాను. పెట్టె వెనక, తిరిగే ఇరుసు బయటికి వచ్చే చోటు, తెల్లటి పిండి మధ్య తడిసి నల్లగా మెరుస్తోంది. అక్కడినుంచి నూనె విసిరినట్టు వెనకాల చెక్కల మీద విసనకర్రలా పరుచుకుంది. అంతేకాదు, మూత అంచు వెంబడి, నా నోటుబుక్కు అట్ట ఉన్న చోట కూడా, చిన్న చిన్న నల్ల చారలు. నూనె నేల మీద చుక్కగా పడడానికి తీరికే లేదు. తిరుగుతున్న ఇరుసు దాన్ని దారి పొడవునా చిమ్మేస్తోంది. మిగిలింది దుమ్ము తాగేస్తోంది.

నాయన బయటికి వచ్చి దుమ్ము దులుపుకోకుండా నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. సాయిబు మామ అననివ్వలేదు. ఆయనకు అప్పుడు పరువు సంగతి గుర్తులేదు, పెట్టె సంగతే ఉంది.

"ఒక తావున కాదప్పా, అన్ని పక్కలా తోస్తాంది. కొత్త వాషరేసినా తోస్తాంది, కొత్త ప్యాకింగేసినా తోస్తాంది. లోపల ఏందో ఉండాది." మళ్లీ దూరి పక్క బిరడా మెల్లగా వదులు చేశాడు. లోపలినుంచి ఉస్సుమని గాలి వచ్చింది, నూనె తుంపర ఆయన ముఖాన పడింది.

ఆ చప్పుడు నాకు తెలిసిందే. గంజి వార్చే ముందు, కుండ మీద మూత గట్టిగా పెట్టి పైన రాయి పెడితే, ఆవిరి పోవడానికి దారి లేక గంజి నాలుగు పక్కలా పొంగి పొయ్యిలో పడుతుంది. మూత కొంచెం పక్కకు జరిపితే ఊరుకుంటుంది. నేను అవ్వ చెవిలో అన్నాను, "దీనికి ఆవిరి పోయే దారి ల్యాదా అవ్వా?"

అవ్వ గట్టిగా అడిగింది, "అబ్బీ, పాప అడుగుతాంది. ఆవిరి పోయేదానికి దానికి బొక్క ల్యాదా అని."

సాయిబు మామ లారీ కింద కదలకుండా ఉండిపోయాడు. తర్వాత గబగబా బయటికి వచ్చి, "ఉండాది," అన్నాడు. "పైన ఉండాది. మూత నడినెత్తిన."

మా కాళ్ల కింది పలకలు ఎత్తాడు. పిండి చల్లింది కిందినుంచే కాబట్టి పైభాగం ఎవరూ చూడలేదు. మూత విప్పిన రోజు కూడా, సాయిబు మామ దృష్టంతా దాని అడుగునే. మూత మధ్యలో ఒక చిన్న ఇనుప బొడిపె ఉంది. ఉందని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు కనిపించింది పసుపు రంగు రొట్టె ముక్క లాంటిది. ఎండి, కాలి, అంచుల్లో పగిలి, నడుమ కుంకుమ బొట్టుతో.

అందరం అవ్వను చూశాం.

ఏటా ఆయుధపూజకు తక్కెడకూ పడికట్టు రాళ్లకూ ఎలా చేస్తామో లారీకీ అలాగే చేస్తాం. చక్రాలకు, దీపాలకు, ముందు రేకుకు పసుపు కుంకుమ పెట్టడం అందరూ చేసేదే. మా అవ్వ మాత్రం, నడిపించేది లోపలిది గానీ పైది కాదు కదా అని, పలకలు ఎత్తించి లోపల కూడా పెట్టేది. ఆ బొడిపె ఎత్తుగా, గుండ్రంగా ఉండడం చూసి, లారీకి నొసలు అదేనని తీర్మానించింది. అన్నేళ్లూ పొడి పసుపు పెట్టేది, అది రాలిపోయేది. మొన్నటి దసరాకు, నిలబడడం లేదని గంజిలో బియ్యప్పిండి కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో అదిమి మరీ పెట్టింది. పెట్టె వేడికి అది రొట్టెలా కాలి గట్టిపడింది. మూత విప్పిన రోజు సాయిబు మామకు అది కనిపించినా, పూజ పసుపే కదా అని ముట్టుకోలేదు.

అవ్వ ముందుకు వంగి, కళ్లు చిన్నవి చేసి చూసింది.

"నేను పెట్టిందే కదా," అంది. "నొసలనుకుంటి. అది ముక్కు అని నాకేం తెల్సు."

మొదట నవ్వింది నాయన. నాయన అలా వంగిపోయి నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. సాయిబు మామ నూనె ముఖంతో నవ్వాడు. అవ్వకు కోపం వచ్చింది. "నవ్వండి నవ్వండి. ఇంటికి మంచి జరగల్లనే కదా పెడితి. ఇది ముక్కు అని ఎవురైనా చెప్పింటే కదా," అంటూ నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి విప్పి ఇచ్చింది. దానికి చెవిలో గుబిలి తీసుకునే వెండిపుల్ల వేలాడుతూ ఉంటుంది. "ఇదో, దీంతో తియ్యి అబ్బీ. పద్దతిగా తియ్యి, అదీ దేవుని పసుపే."

ఆయన తీశాడు. పెళ్లలను కింద పడనీయకుండా అరచేతిలో పట్టి, వేపచెట్టు మొదట్లో ఎవరూ తొక్కని చోట వేసి వచ్చాడు. తొక్కకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆ బొక్క మీద నోరు పెట్టి ఊదాడు. లోపల గుడగుడమంది. పెట్టెలో తగ్గిన నూనె పోసి, తడిసిన చోట్లు తుడిచి, కిందా పైనా మళ్లీ పిండి చల్లాం. ఈసారి నాయన కూడా ఊదాడు. ఆయన మీసాల మీద తెల్లటి పిండి పడింది, ఎవరమూ చెప్పలేదు.

సిరివెళ్లనుంచి ఆళ్లగడ్డ దాకా నాయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. అవ్వ నిద్రపోయింది. మండీ ముందు లారీ ఆగగానే మొదట దిగింది నాయన. దిగి, అందరి ముందూ, ఉతికిన పంచెతో, లారీ కిందికి దూరాడు.

"ఏందప్పా, డ్రైవరు పని కూడా నువ్వే నేర్చుకుంటాండావా?" అని అరుగు మీదినుంచి మండీ యజమాని.

నాయన బయటికి వచ్చాడు. పిండి తెల్లగానే ఉంది. కంబళి ముక్క దగ్గర మాత్రం కొంచెం చెమ్మ. నేను సీటులో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాయన ముఖమే చూస్తున్నాను. ఆయన నేరుగా అరుగు దగ్గరికి నడిచాడు. కూర్చోలేదు.

"ఆ పొద్దు ఈడ నేనొక మాటంటి," అన్నాడు.

"ఏం మాట?"

"నా డ్రైవరును గురించి. నువ్వడిగితివి, నేను నవ్వితి. నూనె ఎవురూ అమ్ముకోల్యా. కారతాందని ఆయప్ప మొదట్నుంచీ చెప్తానే ఉన్న్యాడు. కారింది మా ఇంటోళ్లు చేసిన పనికి. నా మాట తప్పు."

మండీ యజమాని ఎగతాళికి నోరు తెరిచి, నాయన ముఖం చూసి మూసుకున్నాడు. మూటలు మోసేవాళ్లు కూడా నిలబడిపోయారు. "సరేలేప్పా, నవ్వులాటకన్న్యాం," అన్నాడాయన.

"నవ్వులాటకే అంటిమి. ఆయప్పకు నవ్వులాట కాలే కదా."

సాయిబు మామ లారీ వెనక తాడు విప్పుతున్నాడు. విప్పడం అయిపోయినా ఇంకా ఆ ముడి దగ్గరే వంగి ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. అవ్వ నా మోచేయి పట్టుకుని, "అటు చూడగాకు," అంది మెల్లగా. నేను ముఖం తిప్పుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడో, చెమట తుడుచుకున్నాడో నాకు తెలియదు.

అక్కను చూసి, అవ్వను అక్కడే దించి, మూటలు ఎత్తుకుని తిరిగి బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. ముందు సీటులో ముగ్గురమే. నాయన ఇంకా ఏదో చెప్పాలనుకుంటున్నాడని నాకు అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు, మానుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు.

"సాయిబూ, నేను..."

"బండి నడిపేటప్పుడు మాట్లాడించొద్దప్పా," అన్నాడు సాయిబు మామ, దారి మీదినుంచి కళ్లు తీయకుండా. కోపంగా అనలేదు. దారి గుంతలు గుంతలుగా ఉంది, ఎద్దులబండ్లు అడ్డం వస్తున్నాయి. అవి దాటాక, మామూలు గొంతుతో, ఇంటి సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

"వానలు పడేలోపల ఎనక టైర్లు మార్చల్ల. ఇవి బురదలో నిలబడవు."

వానలంటే ఉగాది వెళ్లిన ఎన్నాళ్లకో. నాయన నావైపు చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను, నవ్వు కనపడకుండా.

"మార్చుదువులే," అన్నాడు నాయన.